మెత్తన్న మోసిన మాటలు

ఆ క్లబ్బులో గోల్స్ కన్నా గోల ఎక్కువ. గోలు మైదానంలో ఎప్పుడో గాని పడేది కాదు. గోల మాత్రం మేడ మీది అద్దాల గదిలో రోజూ పుట్టేది. ఆ గది యజమానిది. ఆయన అసలు వ్యాపారం పరుపులు. పట్టణంలో సగం మంది ఆయన పరుపుల మీద నిద్రపోతారు, మిగతా సగం ఆయన జట్టు ఆట చూస్తూ నిద్రపోతారు అని గిట్టనివాళ్లు అనేవారు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. క్లబ్బు మూతపడబోతున్నప్పుడు పెద్దమనుషులంతా ముఖం చాటేస్తే, ముందుకొచ్చి కొన్నది ఆయనొక్కడే. పరుపులమ్మి పరువు కొనుక్కున్నాడన్నారు. కొన్న పరువును ఎక్కడ పరుచుకోవాలో మాత్రం ఆయనకు చివరిదాకా తెలియలేదు.

పత్తి కొన్నట్టే ఆటగాళ్లనూ కొనేవాడు, టోకున, బేరమాడి, బరువు చూసి. ఒక ఏడాది చవగ్గా వస్తున్నారని ముగ్గురు గోల్‌కీపర్లను తెచ్చాడు. కాపలాకు ముగ్గురున్నారు, కొట్టడానికి ఒక్కడూ లేడు. బామ్మర్దిని టెక్నికల్ డైరెక్టర్‌ని చేశాడు. ఆ డైరెక్టర్‌కి డైరెక్షన్ తెలియదు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారితే, మనవాళ్లు ఎటు కొట్టాలని పక్కవాణ్ణి అడిగేవాడు. పాసులివ్వడంలో మాత్రం దిట్ట. మైదానంలో కాదు, గేటు దగ్గర. ఇక కోచ్‌ల సంగతి చెప్పనక్కర్లేదు. రైలు కోచ్‌లోకి జనం ఎక్కి దిగినట్టు క్లబ్బులోకి కోచ్‌లు ఎక్కి దిగారు. చివరికి పిలవడానికి కొత్త కోచ్ దొరక్క, మొట్టమొదట తీసేసినాయన్నే మళ్లీ బతిమాలి తెచ్చుకున్నారు.

ఆయన వచ్చీ రావడంతోనే విలేకరుల ముందు, "మా యజమానికి దూదేకడం తెలుసు, బంతాట తెలియదు" అన్నాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. యజమాని ఆయన్ని తీసేయలేడు, ఇంకెవరూ రారు. ఆయన మానేసి పోలేడు, ఇంకెవరూ పిలవరు. విడిపోలేని మొగుడూ పెళ్లాల్లా ఒకే కప్పు కింద ఉండి, ఉప్పు అందివ్వమనడానికి కూడా మూడో మనిషి కావలసి వచ్చింది. ఆ మూడో మనిషి క్లబ్బు మేనేజరు.

మేనేజరును అందరూ మెత్తన్న అనేవారు. అంతకుముందు యజమాని షోరూములో పరుపులమ్మిన మనిషి. గట్టిగా ఉందన్నవాళ్లకు "నడుముకు మంచిదండి" అనీ, మరీ మెత్తగా ఉందన్నవాళ్లకు "నిద్రకు మంచిదండి" అనీ ఒకే పరుపును ఇద్దరికీ అంటగట్టిన నోరు అది. ఆ నోరే ఇప్పుడు క్లబ్బుకు పెట్టుబడి.

మ్యాచ్ జరిగేటప్పుడు బెంచీ పక్కన ఒక ఫోను ఉండేది. దాని రెండో కొస అద్దాల గదిలో. ఫోను మోగేది. యజమాని అరిచేవాడు.

"ఆ పదకొండో నంబరు గాడిదను బయటికి లాగమను."

మెత్తన్న కోచ్ వైపు తిరిగేవాడు. "పదకొండో నంబరు అలసిపోయాడేమోనని సార్ కంగారుపడుతున్నారండి."

"ఆయన్నే నిక్కరేసుకుని దిగమను, చూద్దాం."

మెత్తన్న ఫోనులోకి వంగేవాడు. "మీలాంటివారు పక్కన ఉంటే ఆ ధైర్యమే వేరంటున్నారు సార్."

పైన యజమాని మీసం దువ్వుకునేవాడు. కింద కోచ్, "పోనీలే, అడిగి తెలుసుకుంటున్నాడు" అనుకునేవాడు. జట్టులో ఎందరు ఫార్వర్డ్‌లున్నా అసలు ఫార్వర్డ్ మెత్తన్నేనని ఆటగాళ్లు నవ్వుకునేవారు. మాటల్ని ఫార్వర్డ్ చేస్తాడు, కాకపోతే దారిలో ఉతికి ఇస్త్రీ చేసి మరీ. ఒకరినొకరు తిట్టుకుంటున్న ఇద్దరు మనుషులు, ఎదుటివాడికి తానంటే గౌరవమని నమ్మి ఏళ్లు గడిపేశారు.

"రెండువైపులా అబద్ధాలేనా?" అనేది ఇంట్లో భార్య.

"అబద్ధం కాదే, దూది. రెండు రాళ్ల మధ్య కాస్త దూది పెడితే రాళ్లకు మంచిది."

"మరి దూదికి?" అని అడిగిందావిడ. ఆయన పేపరు తిరగేశాడు.

తొమ్మిదో నంబరు చొక్కా వేసుకునేది మెత్తన్న అల్లుడు. కూతురు ఇష్టపడి చేసుకున్న కుర్రాడు. బంతి కాలికి తగిలితే పులి, తీసేస్తే పిల్లి. ఎవరేమన్నా సరేనంటాడు. మామకు తగ్గ అల్లుడని బంధువులు మురిసిపోయేవారు. ఆదివారం గెలిస్తేనే లీగులో ఉంటాం, లేకపోతే కింది లీగుకు పోతాం అన్న వారంలో అతని కుడి మోకాలు వాచింది. డాక్టరు నొక్కి చూసి, ఫిల్ము తీయించి, దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు.

"దీని మీద ఇప్పుడు పరిగెత్తితే ఆట సంగతి దేవుడెరుగు, తర్వాత మెట్లెక్కడమే కష్టమవుతుంది" అన్నాడు చివరికి.

కోచ్ అది విని తల అడ్డంగా ఊపాడు. "కుదరదు. ఆదివారం ఇతన్ని దించేది లేదు. పోయి పైవాడికి చెప్పు మెత్తన్నా. కుదరదని చెప్పు."

ఒక్కటే మాట. మోయడానికి తేలికే. మెత్తన్న దాన్ని పట్టుకుని షోరూము మీది ఆఫీసుకు వెళ్లాడు. బల్ల నిండా పోస్టర్లు. ప్రతి దాని మీదా అల్లుడు గాల్లోకి ఎగిరి బంతిని తలతో కొడుతున్నాడు. కింద "ఈ ఆదివారం నిద్రకు సెలవు" అని పెద్ద అక్షరాలు, వాటి కింద పరుపుల కంపెనీ పేరు.

"చూడవయ్యా మీ అల్లుణ్ణి, ఎలా ఉన్నాడో" అన్నాడు యజమాని, పసిపిల్లాడిలా పొంగిపోతూ. "ఇతని మొహం చూసే టిక్కెట్లన్నీ పోయాయి. ఇన్నేళ్లలో మొదటిసారి స్టేడియం నిండుతోందయ్యా."

మెత్తన్న గొంతు సవరించుకున్నాడు. "మోకాలు కాస్త వాచింది సార్. డాక్టరుగారు జాగ్రత్తగా ఉండమన్నారు. కోచ్‌గారు కూడా ఆలోచిస్తున్నారు."

"ఆలోచిస్తున్నాడంటే సగం ఒప్పుకున్నట్టే. జాగ్రత్తగానే ఆడిద్దాం. గట్టిగా పట్టీ కడితే సరి." యజమాని తన నున్నటి గుండు నిమురుకున్నాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. మెత్తన్న ఆ ముడిని కళ్లారా చూశాడు. విప్పే మాట జేబులోనే ఉంది, బయటికి తీయలేదు. ఎలాగూ జట్టును దించేది కోచే కదా అనుకున్నాడు.

క్లబ్బుకు తిరిగొచ్చి, "సార్ చాలా బాధపడ్డారండి. జాగ్రత్త అన్నారు" అని చెప్పాడు.

"అయితే ఒప్పుకున్నాడన్నమాట" అన్నాడు కోచ్ ఆశ్చర్యంగా. "పర్లేదే, లోపల మనిషున్నాడు."

అలా పాము చావలేదు, కర్ర విరగలేదు. ఆ పాము ఎవరి పక్కలో దూరిందో మెత్తన్న చూసుకోలేదు.

ఆదివారం ఆయన డ్రెస్సింగ్ రూములోకి వెళ్లేసరికి తైలం వాసన, తడి సాక్సుల వాసన మధ్య అల్లుడు బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్లు బిగిస్తున్నాడు. ఒంటి మీద తొమ్మిదో నంబరు. మోకాలికి లావుపాటి పట్టీ.

"నువ్వెందుకు తయారయ్యావు?"

"డైరెక్టర్‌గారు పొద్దున్నే ఫోన్ చేశారు మావయ్యా. కోచ్‌గారు ఒప్పుకున్నారు, నొప్పికి సూది వేయించుకుని వచ్చెయ్యమన్నారు. వేయించుకున్నా. ఇప్పుడేమీ తెలియట్లేదు." అతను మోకాలి మీద చిన్నగా కొట్టి చూపించాడు. "మీరే మాట్లాడి ఒప్పించారంట కదా."

మెత్తన్న జేబులో ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, ఆయన ఎవరికీ కాదని చెప్పలేడు. నీకు తెలుసు కదా. నువ్వైనా చెప్పు" అంది. ఏడవడం లేదు. మామూలుగానే అడిగింది.

ఆయన తల తిప్పేసరికి గుమ్మంలో కోచ్ నిలబడి ఉన్నాడు. అల్లుడి పట్టీని చూశాడు, మెత్తన్నను చూశాడు.

"అక్కడేం చెప్పావు నువ్వు?"

"జాగ్రత్తగా ఉండాలని..."

"నేను కుదరదన్నాను."

"అన్నారు."

"కుదరదుకు నువ్వు పెట్టిన ముద్దుపేరా జాగ్రత్త?" కోచ్ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది మెత్తన్నకు. "నేనితన్ని దించను. దించి తీరాలంటే నేను ఇంటికి పోతాను. అప్పుడా బామ్మర్ది దించుకుంటాడు. పోయి చెప్పు. ఇదైనా నేనన్నట్టు చెప్పు."

అద్దాల గదికి ఇనుప మెట్లున్నాయి. ఎక్కుతుంటే నాలుక దాని పని అది మొదలుపెట్టింది. కోచ్‌గారికి కొంచెం ఇబ్బందిగా ఉందట సార్. రెండో సగంలో దించుదామంటున్నారు సార్. మీరు ఎలాగంటే అలాగే గాని ఒక్కసారి ఆలోచించమంటున్నారు సార్. పైకి వెళ్లేకొద్దీ మాట ఇంకా మెత్తబడుతోంది. సగంలో ఆయన ఆగాడు. రెయిలింగు పట్టుకుని, ఇలాంటి మెట్ల దగ్గరే తన అల్లుడు ముప్పయ్యేళ్లకే నిలబడిపోయి పైకి చూడటం ఊహించుకున్నాడు. మిగతా మెట్లు వేగంగా ఎక్కేశాడు, నాలుకకు వ్యవధి ఇవ్వకుండా.

లోపల అతిథులు, బిస్కట్లు, టీ కప్పులు.

"ఏమయ్యా, అంతా సిద్ధమేనా?" అన్నాడు యజమాని.

"లేదు సార్."

ఆ గదిలో ఆ నోటి నుంచి ఆ మాట ఎవరూ విని ఉండలేదు. బామ్మర్ది కప్పు కింద పెట్టాడు.

"తొమ్మిదో నంబరు ఆడడు సార్. ఆడితే తర్వాత సరిగా నడవలేడని డాక్టరు చెప్పారు. కుదరదని కోచ్‌గారు మొన్ననే అన్నారు."

"ఆలోచిస్తున్నాడన్నావుగా?"

"అది నేనన్నది సార్. ఆయనన్నది కుదరదని. ఇప్పుడు దించితే వెళ్లిపోతానంటున్నారు."

యజమాని కుర్చీలోంచి లేచాడు. "ఇంకా ఏమేం అన్నాడు, ఇన్నాళ్లూ?"

మెత్తన్న చెప్పాడు. నిక్కరు సంగతి చెప్పాడు, ముగ్గురు గోల్‌కీపర్ల గురించి అన్నది చెప్పాడు. అతిథుల్లో ఒకాయన నవ్వబోయి బిస్కట్టు కొరుక్కున్నాడు.

"మరి నేనన్నవి?"

"అవీ చెప్పలేదు సార్."

యజమాని కోపంతో ఎర్రబడతాడని మెత్తన్న ఎదురుచూశాడు. ఆయన మొహం మాత్రం వాడిపోయింది.

"అంటే ఇన్నేళ్లూ నేను మాట్లాడింది నీతోనా?" అన్నాడు.

తర్వాత ఎవరినీ పిలవకుండా మెట్లు దిగాడు. అది కోచ్‌ని తీసేయడానికేనని అందరూ అనుకున్నారు. ఆయనా అదే అనుకుని ఉంటాడు. డ్రెస్సింగ్ రూములో ఇద్దరూ ముఖాముఖి నిలబడి, ఏళ్లుగా దాచుకున్నదంతా ఒకేసారి కక్కారు. కోచ్ దూది బస్తా అన్నాడు, యజమాని తుప్పు పట్టిన డబ్బా అన్నాడు. ఆటగాళ్లు గోడలకు అతుక్కున్నారు. మధ్యలో కోచ్ విసుగెత్తి, "నాతో కాదయ్యా, దాన్ని చూడు ముందు" అని అల్లుడి మోకాలి పట్టీని తనే విప్పేశాడు.

యజమాని వంగి చూశాడు. చేయి వేసి నెమ్మదిగా తాకాడు.

"దిండులా ఉంది" అన్నాడు. "నాకెవరూ చూపించలేదే."

 మోకాలు చూపించవలసినవాడు గుమ్మం దగ్గర తలవంచుకుని ఉన్నాడు. అల్లుడు ఒకరి తర్వాత ఒకరిగా అందరి మొహాలూ చూసి, బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

యజమాని బయటికి పోతూ మెత్తన్న దగ్గర ఆగాడు. "రేపట్నుంచి షోరూముకి వచ్చెయ్. అక్కడైతే మెత్తదనం పనికొస్తుంది."

ఆట మొదలయ్యేసరికి మామా అల్లుళ్లిద్దరూ గ్యాలరీలో కూర్చున్నారు, మోకాలి మీద ఐసు మూటతో. చుట్టూ జనం అవే పోస్టర్లు ఊపుతూ తొమ్మిదో నంబరు ఏడని అరుస్తున్నారు. పక్కనే ఉన్నా పోల్చుకోలేదు. పోస్టర్‌లో ఎగిరినవాడు ఇలా కూర్చుని ఉంటాడని ఎవరనుకుంటారు. కింద యజమాని బెంచీ పక్కనే నిలబడి కోచ్‌తో వాదిస్తున్నాడు. ఎవరిని మార్చాలన్నా ఇద్దరికీ పడటం లేదు. ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు, బామ్మర్దిని అక్కణ్ణుంచి పంపేయడంలో. కాసేపటికి అవతలి జట్టు గోలు కొట్టింది. స్టేడియం చల్లబడింది.

"మావయ్యా, ఒకటడగనా?" అన్నాడు అల్లుడు, కళ్లు మైదానం మీదే ఉంచి. "ఈ ఏడాది నేనెలా ఆడాను?"

"బ్రహ్మా..." సగం వచ్చిన మాటను మెత్తన్న మింగాడు. ప్రతి మ్యాచ్ తర్వాతా భోజనాల దగ్గర వడ్డించిన మాటే అది.

"బాగా ఆడలేదు నాయనా. వానలు మొదలైనప్పటి నుంచీ ఎడమ కాలి మీదే తిరుగుతున్నావు. కుడివైపు వచ్చిన బంతిని వదిలేస్తున్నావు. నేను చూశాను."

"చూశారా?"

"చూశాను."

అల్లుడు మైదానం మీంచి కళ్లు తిప్పుకున్నాడు. "నొప్పి అప్పుడే మొదలైంది" అన్నాడు. "మీరు ప్రతిసారీ బ్రహ్మాండం అంటుంటే, ఎవరికీ కనబడట్లేదు కాబోలు, పెద్దదేం కాదు కాబోలు అనుకున్నా. ఒక్కరంటే ఒక్కరు అడిగి ఉంటే ఆపేసేవాణ్ణి."

దానికి చెప్పడానికి మెత్తన్న దగ్గర మాటలు బోలెడున్నాయి. నువ్వలా అనుకోకు, అదేం కాదులే, అన్నీ సర్దుకుంటాయి. ఒక జీవితానికి సరిపడా ఉన్నాయి. కరుగుతున్న ఐసు మూటను మోకాలి మీద సరిగా జరిపి పట్టుకున్నాడు.

"అప్పుడే అడగాల్సింది" అన్నాడు. "అడగలేదు."

కింద ఎవరో బంతిని స్టేడియం దాటించేశారు. అందరూ లేచి చూశారు. వీళ్లిద్దరూ లేవలేదు. అల్లుడు కాలు కాస్త చాపుకోబోయి పళ్లు బిగించాడు. సూది మందు దిగిపోతున్నట్టుంది.

"నొప్పిగా ఉందా?"

అతను అలవాటుగా తల అడ్డంగా ఊపబోయి, ఆగాడు.

"ఉంది మావయ్యా" అన్నాడు. "చాలా నొప్పిగా ఉంది."