సుమన మునుం

బస్సులో పొద్దంతా అరవడమే నా ఉద్యోగం. ముందుకు జరగండి, మెట్ల మీద నిలబడకండి, చిల్లర తీయండి. నేను కండక్టర్‌ని. ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు తగ్గదని మా ఆయన గోల. ఆ గొంతు చూసే కాబోలు, మా ఊరి బడి హెడ్‌మాస్టర్ దశరథ్ సార్ నన్ను పిలిపించాడు. పదో తరగతిలో చదువు జారిపోతున్న పిల్లలను, ఊళ్లో ఉద్యోగాలు చేసేవాళ్లు తలా ఒకరిని చూసుకోవాలని ఆయన ఏర్పాటు. నాకు సుమనను అప్పగించాడు.

"పాఠాలు మేం చెప్తం. పిల్లను బడికి రప్పిచ్చుడు నీ పని మెర్సీ. నీ నోటికి భయపడైనా వస్తది" అన్నాడు.

సుమన అమ్మానాన్నలు హైదరాబాద్‌లో కట్టడాల పనికి పోయారు. పిల్ల అవ్వ నర్సింగమ్మ దగ్గర ఉంటుంది. తెలివి లేక కాదు, లెక్కలంటే దడ. సాయంత్రం బడిలో ప్రత్యేక తరగతి అయ్యాక మా ఇంటికొచ్చి నా కళ్ల ముందు కూర్చుని లెక్కలు చేసేది. తప్పు చేస్తే తిట్టేదాన్ని, ఒప్పు చేస్తే అట్లు పోసి పెట్టేదాన్ని. డిసెంబర్ దాకా బాగానే నడిచింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. పిల్ల జాడ లేదు.

"యాసంగి వరి నాట్లకు పోతాందట" అన్నాడు సార్. "ఈ నెల పోయిందంటే లెక్కలు పోయినట్టే. ఆ వాడలో పది తప్పినోళ్లు మళ్ల పుస్తకం పట్టంగ నేను చూడలే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చకుండా నర్సింగమ్మ ఇంటికి పోయాను. మంచంలో కూర్చున్న ముసలామెను వాకిట్లోంచే దులిపేశాను.

"పిల్ల బతుకు ఆగం చేస్తున్నవా అవ్వా? బడి మాన్పిచ్చి కూలికి తోలుతవా? కేసైతది, ఎరికేనా?"

ఆమె చీర అంచు కొంచెం పైకి లాగి కాలు చూపించింది. మడమ బుస్సున వాచి ఉంది. పొలం ఒడ్డు మీద జారిందట.

"కూలికి కాదు బిడ్డా, బదులుకు. శ్యామలమ్మోళ్లు వచ్చి నా మడి ఏసిపోయిన్రు. నేను వాళ్లకు పోవాలె గద. గీ కాలుతోటి ఎట్ల పోను?"

బదులంటే మా దిక్కు తెలియనిది కాదు. నా పొలంలో నువ్వు నాటు వెయ్యి, నీ పొలంలో నేను వేస్తాను. మనిషికి మనిషి, అంతే. అందులో రూపాయి మాట ఉండదు. తెలిసి తెలిసీ నేను సంచి తెరిచాను.

"కూలి మనిషిని పెట్టు. పైసలు నేనిస్త."

"బదులుకు పైసలు పారేస్తే మళ్లేడు నా మడి మొకం ఎవలు చూస్తరు?" అంది. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు పోతవా?" అంది.

అది ఎత్తిపొడుపే. నేనేమో ఒకరితో మాట పడేదాన్ని కాదు. పోతానన్నాను, సెలవు కూడా పెట్టాను.

మా అమ్మ సైదమ్మ బతుకంతా ఊరి పొలాల్లో నాట్లు వేసింది. నన్ను మాత్రం మడిలో కాలు పెట్టనివ్వలేదు. సద్ది తీసుకుపోతే ఒడ్డు మీద పెట్టి బడికి పొమ్మనేది. అట్లా నాటేసే మనిషి బిడ్డనే గానీ నాకు నాటు రాదు. ఆ మాట నర్సింగమ్మకు చెప్పడానికి పొగరు అడ్డొచ్చింది.

శ్యామలమ్మ పొలంలో ఆడవాళ్లు వరుసగా నిలబడి తలా ఒక మునుం పట్టారు. మునుం అంటే ఎవరి వంతు వరుస వాళ్లది. పొద్దెక్కేసరికి అందరూ ఒడ్డు చేరారు, నేనొక్కదాన్నే మడి నడుమ బురదలో మిగిలాను. నడుము పడిపోయింది. నేను నాటిన నారు నాటినట్టే లేచి నీళ్ల మీద తేలుతోంది.

"కండక్టరమ్మా, నీ నారు మొత్తం దిగిపోతాంది. ఆడోళ్లకిచ్చే జీరో టికెట్టు కొట్టలేదా?" అంది శ్యామలమ్మ. అందరూ పకపకా నవ్వారు. నాకు ఏడుపు వస్తున్నా నవ్వాను.

ఆ రోజు సుమన బడికి పోయింది. కానీ సాయంత్రం తరగతి ఎగ్గొట్టి నేరుగా పొలానికి వచ్చేసింది. నన్ను చూసి, సంచి ఒడ్డున పెట్టి, ప్యాంటు పైకి మడుస్తూ అంది.

"జరుగక్కా, నీకు రాదు. నేనేస్త. నాకు లెక్కలు ఎట్లైనా రావు, గిదన్న వస్తది."

"కాలు పెట్టినవంటే ఇరగ్గొడత" అని అరిచాను. పిల్ల బిత్తరపోయి ఆగింది. ఒడ్డెక్కి దాని సంచి దాని చేతిలో పెట్టాను. "మా అమ్మ నన్ను ఈ బురదల కాలు పెట్టనియ్యలే. నేను నిన్ను పెట్టనియ్య. తరగతికి పో."

మా అమ్మ నడుము ఎంత నొచ్చి ఉంటుందో నాకు ఆ సాయంత్రం తెలిసింది. అందరి ముందూ ఏడ్చాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. శ్యామలమ్మ చేతిలోని నారు కట్ట కింద పెట్టి సుమన వైపు తిరిగింది. "చదువు ఆగిపోతాందని మీ అవ్వ ఒక్క మాట చెప్తే మేం ఆగకపోదుమా?"

"బదులు ఆపుమని అడిగితే ఇజ్జత్ పోతదన్నది" అంది సుమన.

"ఇజ్జతట. కాలు వాచినా ముసల్దాని పట్టుదల తగ్గలే." శ్యామలమ్మ మిగతావాళ్లను చూసింది. వాళ్లు సరేనన్నారు. "వానాకాలం నాట్లకు మీ అవ్వనే వచ్చి తీరుస్తది. అప్పటిదాంక నువ్వు బడి ఇడిచి ఇటు రాకు. మెర్సీ, నువ్వు గూడ రాకు తల్లీ. నువ్వేసిన మునుం రేపు మేం మళ్ల ఏసుకోవాలె."

మర్నాటి నుంచి పిల్ల ఒక్క తరగతి తప్పలేదు. మా ఇంట్లో లెక్కలు, తిట్లు, అట్లు మళ్లీ మొదలయ్యాయి. ఫలితాలొచ్చిన నాడు చూస్తే లెక్కల్లో అంచు మీద గట్టెక్కింది, మిగతావాటిలో బాగానే వచ్చాయి. ఆ ఇంట్లో పది దాటిన మొదటి మనిషి సుమనే. నాకు ఆనందం పట్టలేక బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా చెప్పాను. ఇప్పుడది నకిరేకల్‌లో ఇంటర్ చదువుతోంది. నా బస్సులోనే పోతుంది, మెట్ల మీద నిలబడితే అందరితో పాటు దానికీ తిట్లే.

జూలైలో నర్సింగమ్మ శ్యామలమ్మ బదులు తీర్చేసింది. ఆ మర్నాడు నేను డ్యూటీకి పోతుంటే పక్కింటి గుర్వయ్య కూతురు కనిపించింది. కొత్తగా పదికి వచ్చిన పిల్ల, నెత్తికి తువ్వాల చుట్టుకుని నాట్లకు బయల్దేరింది. నర్సింగమ్మ దానికి అడ్డంగా నిలబడి ఉంది.

"దీన్ని బడికి తోలు గుర్వయ్యా. దీని మునుం నేను పడుత" అంటోంది.

"నువ్వు మాకేం బాకీ లేవు గద అవ్వా" అన్నాడు గుర్వయ్య.

"నీకు లేను బిడ్డా. ఈ ఊరికి ఉన్న" అని, నర్సింగమ్మ ఆ పిల్ల నెత్తి మీది తువ్వాల విప్పి తన నెత్తికి చుట్టుకుంది.