ఘాటు సంచులు

"నా గోనెల మీద నీ మిరపకాయలు ఎవరు పొయ్యమన్నరత్తా?" అంది అంతోనమ్మ, చంకలోని నీళ్లబిందె దించకుండానే.

"నీ గోనెలేందే? వాకిట్ల ఉత్తగ పరిచి ఉన్నయ్. నేల మీద పోస్తే కాయకు మట్టి అంటదా?" అంది విశ్రాంతమ్మ, కాయలు తిరగేస్తూనే. "పాత గోనెలకు గింత లొల్లా!"

అవి మామూలు పాత గోనెలు కావు. భద్రాచలంలో కాఫీ గింజలు పొడికొట్టే దుకాణం వాళ్లు పారేస్తుంటే, దుమ్ముగూడెం చర్చి మహిళా సంఘం అడిగి తెచ్చుకున్నవి. వాటిని ఉతికి, సంచులు కుట్టి, హాస్టల్ ఆడపిల్లలకు పుస్తకాల కోసం ఇవ్వాలి. సంఘానికి ఉన్న ఒక్క కుట్టుమిషను కూడా ఖమ్మం నుంచి అరువు తెచ్చిందే. సంచులు హాస్టల్ వార్డెనమ్మకు నచ్చితే అది ఊళ్లో ఉంటుంది, లేదంటే ఖమ్మం తిరిగిపోతుంది. పెళ్లికి ముందు కుట్టు నేర్చుకున్న అంతోనమ్మకు, ఇన్నేళ్లకు మళ్లీ మిషను తొక్కే అవకాశం దొరికింది.

ఆదివారమే వార్డెనమ్మ వస్తుంది. మళ్లీ ఉతికితే ఆరేదెప్పుడు, కుట్టేదెప్పుడు? అంతోనమ్మ కాయలు ఎత్తిపోసి, గోనెలు గట్టిగా దులిపి, మిషను ముందు కూర్చుంది.

ఆదివారం పూజ అయ్యాక చర్చి వరండాలో సంచులు పరిచారు. వార్డెనమ్మ ఒకదాంట్లో చెయ్యి పెట్టి కుట్టు తడిమి చూసింది. "బాగా కుట్టావమ్మా," అంటూ కళ్లజోడు సర్దుకోబోయి కన్ను తుడుచుకుంది. అంతే, కన్ను ఎర్రబడింది. వెనక నిలబడ్డ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తుమ్మసాగారు.

"సంచులు కుట్టావా, పోపు పెట్టావా?" అంది వార్డెనమ్మ, కొంగు తడిపి కంటికి అద్దుకుంటూ.

అంతోనమ్మకు మిషను బండెక్కి ఖమ్మం పోతున్నట్టే కనిపించింది.

విశ్రాంతమ్మ గబగబా ముందుకొచ్చింది. "దాని తప్పేం లేదమ్మా. నా మిరపకాయలే ఆ గోనెల మీద ఎండబోసిన. అది వద్దంటే వినలే."

హాస్టల్ వంటమనిషి సవరయ్య ఒక సంచి తీసి వాసన చూసి, తానూ ఒక తుమ్ము తుమ్మి, పకపకా నవ్వాడు. "వార్డెనమ్మా, కందిపప్పుల పురుగు పడ్డదని నన్ను రోజూ తిడ్తరు గద? ఎండుమిరపకాయలేస్తే పిల్లల పళ్లెంలకొస్తున్నయ్. పప్పు గిండ్ల పోసి కడితే ఏ పురుగొస్తది?"

వార్డెనమ్మ ఆలోచించింది. "సరే, ఇవన్నీ వంటింటికి ఉంచు. పుస్తకాలకు మాత్రం వేరేవి కావాలి. దులిపినవి కాదమ్మా, ఉతికినవి!"

మిషను ఊళ్లోనే ఉండిపోయింది.

ఆ రాత్రి అందరూ అన్నానికి కూర్చున్నారు. "రేపు వాకిట్ల మళ్లీ లొల్లేనా?" అన్నాడు అంతోనమ్మ భర్త స్తెఫను, పచ్చిపులుసు కలుపుకుంటూ.

"లేదు," అంది అంతోనమ్మ, అత్త పళ్లెంలో అన్నం వడ్డిస్తూ. "అత్తా, రేపట్నుంచి సగం గోనెలు నీయి. కాయలు వాటి మీదనే ఎండబొయ్యాలె, వంటింటి సంచులు వాటితోనే కుడ్త. కడమ సగం నాయి. వాటి దిక్కు నీ కాయలు తొంగి గూడ సూడొద్దు."

"అవ్ గని," అంది విశ్రాంతమ్మ ముద్ద చేస్తూ, "పెద్ద గోనెలు నాకే రావాలె."