బెత్తెడు ఎత్తు

కొండ మీది పదకొండు ఊళ్ల పశువులకు ఆమె ఒక్కతే డాక్టరు. ఊళ్లన్నీ పైన, పశువుల ఆసుపత్రి కింద. ఆవు ఈనలేక అవస్థ పడుతున్నా, గొర్రెలకు జబ్బు సోకినా కబురు కిందికి రావాలి, ఆమె పైకి వెళ్లాలి. బండి ఇస్తాం ఇస్తాం అంటూనే శాఖవాళ్లు తొమ్మిదేళ్లు గడిపేశారు. వాళ్లను నమ్ముకుంటే పని కాదని ఆమె ఎప్పుడో ఒక పాత జీపు కొనుక్కుంది.

జీపులో ఆమె పక్కన ఎప్పుడూ కాంపౌండరు ఉండేవాడు. వయసులో ఆమె కన్నా పదిహేనేళ్లు పెద్ద. మనిషి కొండంత, మాట ఆవగింజంత. బెదిరిన ఎద్దును పట్టాలన్నా, గేదె కాళ్లకు తాడు వెయ్యాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. ఆమెకు చదువు కాలేజీలో వచ్చిందిగానీ పని మాత్రం ఆయన దగ్గరే వచ్చింది. ఆ సంగతి ఆమే నలుగురిలో చెప్పేది. అలా చెప్పినప్పుడల్లా ఆయన ఇబ్బందిగా కదిలి, సూదుల పెట్టె సర్దుకునేవాడు.

ఆ ఏడు వానలు కొండ దారిని కొరుక్కు తినేశాయి. మట్టి కొట్టుకుపోయి రాళ్లు పళ్లికిలించాయి. జీపు పొట్ట వాటికి రాసుకుని గీరుకుపోయేది. రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. రెండోసారి వాళ్లు నడిచి చేరేసరికి ఆవూ పోయింది, కడుపులో దూడా పోయింది. ఆవు గలాయన వాళ్లకు తాగడానికి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. దాని బదులు నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే ఆమె తల్లి, "తమ్ముడున్నాడుగా," అంది.

తమ్ముడు అప్పటికి ఏడాదిగా బండ్ల షెడ్డు నడుపుతున్నాడు. అంతకుముందు ఐదు పనులు చేశాడు. ఐదూ మొదలుపెట్టేటప్పుడు ఆర్భాటం, ముగిసేటప్పుడు అప్పులు. ప్రతిసారీ తప్పు భాగస్వామిదో, మిషనుదో, కాలానిదో అయ్యేది. తల్లి దృష్టిలో వాడి తప్పు ఏనాడూ లేదు. ఈ షెడ్డులో జీపులకు బరువు మోసే ఇనప కమాన్లు కొత్తవి వేసి బెత్తెడు ఎత్తు లేపుతానని బోర్డు పెట్టాడు. సొంత తమ్ముడు షెడ్డు తెరుచుకుని కూర్చుంటే బండిని ఇంకొకడి చేతిలో పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. కాస్త అనుమానం రాకపోలేదు. ఆ అనుమానానికి తనే సిగ్గుపడి తాళాలు ఇచ్చేసింది.

వారం పడుతుందన్న పని మూడు రోజుల్లో అయిపోయింది. జీపు మెడ నిక్కించిన గుర్రంలా నిలబడింది. తల్లి చుట్టూ తిరిగి చూసి మురిసిపోయింది. కొండ దారిలో ఒక్క రాయి కూడా తగల్లేదు, అది మాత్రం నిజం. అయితే వేగం పెరిగితే స్టీరింగు వణికేది. గుంటలో చక్రం దిగితే బండి ఒక పక్కకు గుంజేది. షెడ్డుకు తీసుకెళితే తమ్ముడు నవ్వాడు. కొత్త చెప్పులు మొదట్లో కరవవా అక్కా, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది అన్నాడు. ఇంకోసారి తీసుకెళితే రెండు నట్లు బిగించి పంపించాడు. మూడోసారి ఫోను చేస్తే, నీకు రోజూ ఏదో ఒక చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది అని విసుక్కున్నాడు.

ఎప్పుడూ సలహా చెప్పని కాంపౌండరు ఒకరోజు దిగుతూ దిగుతూ, "అమ్మా, దీన్ని ఇంకెవరికైనా చూపిద్దామా?" అన్నాడు.

గొర్రెల టీకాలు ఈ వారంతో అయిపోతాయి, అవగానే చూపిద్దాం అంది ఆమె. ఆ తర్వాత రోజుల్లో ఆమె తమ్ముణ్ని ఎన్నిసార్లు తిట్టుకుందో, ఈ జవాబుకు తనను తాను అంతకు రెట్టింపు తిట్టుకుంది.

టీకాల ఆఖరి రోజు. పని పొద్దున్నే ముగిసింది. ఎండ బాగా కాస్తోంది. దిగుతున్న దారిలో వాన నీళ్లు తవ్విన కాలువ ఒకటి అడ్డం వచ్చింది. ముందు చక్రం అందులోకి లోతుగా దిగి పైకి లేచింది. కింద ఎక్కడో టప్పుమని చిన్న చప్పుడైంది. పట్టించుకోనక్కర్లేదనిపించేంత చిన్నది. తర్వాతి మలుపు దగ్గర ఆమె బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా అడుగు దాకా వెళ్లిపోయింది. మళ్లీ తొక్కింది. అంతే. పాత జీపు, నాలుగు చక్రాలకూ బ్రేకు నూనె ఒకే దారిలో వెళుతుంది. ఒక్కచోట కారిందంటే నాలుగూ పోయినట్టే. గేరు తగ్గించింది, చేతి బ్రేకు గుంజింది. వేగం తగ్గిందిగానీ బండి ఆగలేదు. ఎడమ పక్క కొండ గట్టు, కుడి పక్క ఆకాశం. ఆమె ఎడమకు తిప్పింది.

ఎడమ పక్క కూర్చున్నది కాంపౌండరు.

ఆమెకు నుదుటి మీద చిన్న గాటు పడింది. ఆయన మోకాలు డాష్‌బోర్డుకీ లోపలికి నొక్కుకుపోయిన తలుపుకీ మధ్య నలిగిపోయింది.  అయినా ఆయన, బండి జారకుండా ముందుగా చక్రాలకు రాయి పెట్టమన్నాడు. అతి కష్టం మీద ఆయన్ను తన సీటు వైపు నుంచి కిందికి దించి గట్టుకు ఆనించి పడుకోబెట్టింది. పాల వ్యాను వచ్చేదాకా రెండు గంటలు అలాగే ఉన్నారు. పడుకున్నచోటి నుంచి ఆయనకు జీపు అడుగు కనిపిస్తోంది. కొంతసేపటికి ఆయనే అన్నాడు. చక్రం దగ్గరి రబ్బరు బ్రేకు గొట్టం తెగిందనీ, అది రాయి దెబ్బ కాదనీ, సాగదీసి లాగితే తెగినట్టుందనీ. ఆమె వంగి చూసింది. జీపును బెత్తెడు లేపినవాడు గొట్టాన్ని పాతదే ఉంచాడు. చక్రం కిందికి దిగిన ప్రతిసారీ ఆ పొట్టి గొట్టం తాడులా బిగుసుకుంటూ వచ్చింది. ఆ రోజు తెగింది.

కాంపౌండరును చేర్చిన పెద్దాసుపత్రి నుంచి తమ్ముడికి ఫోను చేసింది తల్లి. జీపును వాడే లారీకి కట్టి తెచ్చుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమె షెడ్డుకు వెళ్లేసరికి తలుపు ఇంకా నొక్కుకుపోయే ఉంది, అద్దం పగిలే ఉంది, కింద మాత్రం కొత్త గొట్టం మెరుస్తోంది.

పాతదేదని అడిగింది.

"పాత ఇనుములో పోయిందక్కా. రాయి తగిలి తెగింది. ఇంక దాంతో పనేముంది?"

"రాయి తగిలిందని నీకెవరు చెప్పారు?"

"కొండ దారిలో రాళ్లు కాక రత్నాలుంటాయా?" అని తమ్ముడు చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. కాంపౌండరుకెలా ఉందని మాత్రం అడగలేదు.

ఆమె జీపును ఊరి చివర ఉన్న ముసలి బండ్ల మేస్త్రి దగ్గరకు నడుపుకెళ్లింది. ఇంజను చప్పుడు విని జబ్బు చెబుతాడని అందరూ ఆయన్ను చెవి మేస్త్రి అంటారు. ఈసారి చెవితో పని పడలేదు. కింద దూరి, లైటు వేసి చూసి, వీపు దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"ముందు చక్రాలకు చెరొకటి, వెనక రెంటికీ కలిపి ఒకటి. మూడు గొట్టాలూ కొత్తవే, మూడూ పొడుగువే," అన్నాడు. "రాయి తగిలింది ఒక్కదానికే కదమ్మా? మరి మీ తమ్ముడు మూడూ ఎందుకు మార్చాడు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వాడి పని. ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.  పొరపాటు చేశాడంటే ఎప్పటికైనా క్షమించేదేమో. కాంపౌండరు ఆపరేషను గదిలో ఉన్న సమయంలో వీడు బండి కింద పడుకుని సాక్ష్యం విప్పుతున్నాడు.

కాంపౌండరు డ్యూటీలో ఉండగా దెబ్బ తగిలింది కనుక శాఖ విచారణ వేసింది. ఆమె ఉన్నదున్నట్టు రాసిచ్చింది. ఆలస్యం చేసిన తన తప్పు కూడా రాసింది. విచారణ అధికారి చదివి, తెగిన గొట్టం లేదు కాబట్టి బండి నడిపిన మీ మాట ఒక్కటీ చాలదు, చూసిన రెండో మనిషి మాటే ముఖ్యమన్నాడు. చూసిన మనిషి ఉన్నాడు కదా అని ఆమె ధైర్యంగా ఉంది.

కాంపౌండరు మంచం మీద నుంచి చెప్పిన వాంగ్మూలం నాలుగు వాక్యాలు. బండి అదుపు తప్పింది. రాయి తగిలి ఉండొచ్చు. గొట్టం నేను చూడలేదు. డాక్టరమ్మ తప్పు ఏమీ లేదు.

ఆమె ఆ కాగితం చదివి సరాసరి పెద్దాసుపత్రికి వెళ్లింది. ఆయన ఆమెను చూడగానే గోడవైపు తిరిగాడు. ఎందుకలా చెప్పారని అడిగింది.

"మీ అమ్మగారు వచ్చిందమ్మా," అన్నాడు గోడవైపే చూస్తూ. "కుర్చీలో కూర్చోమన్నా వినకుండా నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. పెద్దావిడ. నా చెయ్యి పట్టుకుంది. అక్కాతమ్ముళ్లను నువ్వే కలిపి ఉంచాలంది. మీక్కూడా అదే మేలనుకున్నాను."

మోకాలు పోగొట్టుకున్న మనిషిని కసురుకోవడానికి ఆమెకు నోరు రాలేదు. పరవాలేదులెండి అనడానికీ రాలేదు. ఆయన దుప్పటి సరిచేసి వచ్చేసింది.

ఇంట్లో తల్లి కూరగాయలు తరుగుతోంది. చెయ్యి ఆపకుండానే అంది, తను వెళ్లిన మాట నిజమేననీ, మళ్లీ అవసరమైతే మళ్లీ వెళ్తాననీ.

"వాడికి ఇది కూడా పోతే ఇంకేం మిగులుతుందే? నీకు ఉద్యోగం ఉంది, పేరుంది, నలుగురూ దణ్ణం పెడతారు. వాడికేముంది?"

"ఆయనకు మోకాలుండేదమ్మా."

తల్లి కత్తిపీట పక్కకు జరిపింది. "పరాయివాడి మోకాలి కోసం తోడబుట్టినవాణ్ని వీధిలో నిలబెడతావా? ఏ కడుపున పుట్టావే నువ్వు?"

నీ కడుపునే పుట్టాను, వాడూ అక్కడే పుట్టాడు అనబోయి ఆమె తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఇద్దరూ తినలేదు. విచారణ కాగితం పది రోజుల్లో వచ్చింది. రాయి తగలడం వల్ల జరిగిన ప్రమాదం, ఎవరి నిర్లక్ష్యమూ లేదు. దాని నకలు తమ్ముడు ఎలాగో సంపాదించి, షెడ్డుకు వచ్చినవాళ్లకు చూపిస్తున్నాడని ఆమె చెవిన పడింది. గవర్నమెంటే నా పని బాగుందని రాసిచ్చింది అంటున్నాడట.

అక్కడితో ఆమె ఊరుకునేదేమో. మనిషికి విసుగు కూడా ఒక విశ్రాంతే. కానీ ఒకరోజు మందుల దుకాణం ముందు మేడెక్కినట్టున్న జీపొకటి కనిపించింది. దాని ఓనరు కొండ మీది బడి పంతులు. రోజూ ఆరుగురు పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతాడు. బండి ఎక్కడ లేపించారని అడిగితే, ఇంకెక్కడ, మీ తమ్ముడి దగ్గరే అన్నాడు సంబరంగా. ఆమె బ్యాగు పక్కన పెట్టి, నడిరోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని వంగి చూసింది. బండి చదునైన నేల మీద నిలబడి ఉంది. అప్పటికే గొట్టం వీణ తీగలా బిగుసుకుని ఉంది.

తన బండికి మూడు గొట్టాలు మార్చినవాడు, ఎందుకు తెగిందో తెలిసినవాడు, ఆ తర్వాత కూడా పిల్లలెక్కే బండికి పాతదే వదిలేశాడు.

ఇప్పుడే చెవి మేస్త్రి దగ్గరకు పదండి అంది. పంతులు ఆమెను అనుమానంగా చూశాడు. చేసింది మీ తమ్ముడే కదమ్మా అన్నాడు. అక్కాతమ్ముళ్ల గొడవలోకి తనను లాగుతోందేమోనన్నది ఆ చూపుకు అర్థం.

"మా తమ్ముడు చేశాడు కాబట్టే చెబుతున్నాను," అంది ఆమె. దుకాణం ముందున్నవాళ్లందరికీ ఆ మాట వినిపించింది. వినిపించాలనే అంది.

పంతులు బండిని మేస్త్రికి అప్పగించాక ఆమె షెడ్డుకు వెళ్లింది. లోపలి గోడ మీద తమ్ముడు తను లేపిన ప్రతి బండి ఫోటో వరసగా అంటించాడు. నంబర్లన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆమె గోడ ముందు నిలబడి వాటిని ఒక్కొక్కటే రాసుకోవడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావని అడిగాడు తమ్ముడు. చెప్పింది. పనివాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు.

తమ్ముడు గొంతు తగ్గించాడు. "కావాలంటే అందరికీ మార్చేస్తాను. నన్నడిగితే సరిపోయేది కదా అక్కా."

"పంతులు బండికి మార్చమని ఎవరు అడగాలిరా?"

వాడి ముఖం మాడిపోయింది. "ఈ గడప దాటితే ఇక నీకు తమ్ముడు లేడు."

ఆమె చివరి నంబరు రాసుకుని గడప దాటింది.

తన బండీ, పంతులుదీ కాక మొత్తం ఏడు బండ్లు. వెతికి పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఐదుగురు విన్నారు. ఒకాయన, ముందు మీ ఇల్లు చక్కదిద్దుకోండి అని తలుపు వేశాడు. ఇంకొకాయన విని, తలూపి, ఏమీ చేయించలేదు. ఆయన బండి ఎదురొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆమె కళ్లు చక్రం వైపే పోతాయి.

వానలు మళ్లీ వచ్చేలోపు షెడ్డు మూతపడింది. తమ్ముడు ఇప్పుడు ఇంకేదో వ్యాపారం మొదలుపెట్టాడు. అక్క కళ్లలో నిప్పులు పోసుకుని తన అన్నంలో మన్ను కొట్టిందని చెప్పుకుంటాడు. అందరికన్నా ముందు నమ్మింది తల్లి. రెండు పెట్టెలు సర్దుకుని కొడుకు ఇంటికి వెళ్లిపోయింది. ఆదివారాలు ఫోను చేసి, తిన్నావా అని అడుగుతుంది. తిన్నాను అంటుంది ఆమె. ఇంకేం మాట ఉండదు.

కాంపౌండరు ఇక కొండ ఎక్కలేడు. ఆయన్ను మందుల కౌంటరులో కూర్చోబెట్టారు. ఆమె పశువుల ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఆయన కర్ర అందుకుని, బల్ల పట్టుకుని, ఒక్కో అంగుళం లేచి నిలబడతాడు. వద్దండీ, కూర్చోండి అని ఎన్నోసార్లు చెప్పింది. ఆయన వినడు. ఆ మనిషి అలా లేవడం చూడలేక, ఇప్పుడామె పశువుల్ని కట్టే కొట్టం పక్కనుంచి, వెనక తలుపు గుండా లోపలికి వెళుతోంది.