నేలకు తగలని తీగ

నేను ఒక ఎర్తు తీగను. ఒళ్ళంతా రాగి పోగుల జడ, ఒక కొసన కరుచుకునే క్లిప్పు, రెండో కొస నేలలోకి. కార్లకు రంగు కొట్టే షెడ్డులో నా ఉద్యోగం. నన్నెప్పుడూ చూడలేదంటారా, నాకేం ఆశ్చర్యం లేదు. మెరిసే కారుకు ఆనుకుని ఫొటోలు దిగే జాతి మీది. దాని పొట్ట కింద వేలాడేదాన్ని మీరెందుకు చూస్తారు?

నా పనేమిటో చెబుతాను. రబ్బరు చక్రాల మీద నిలబడ్డ కారుకి నేలతో పొత్తుండదు. రంగు కొట్టేముందు దాన్ని గుడ్డతో రుద్ది రుద్ది తుడుస్తారు. ఆ రాపిడికి రేకు మీద కరెంటు పుట్టి అక్కడే కూర్చుంటుంది. చలికాలంలో ఉన్ని దుప్పటి లాగితే చిటపటలాడుతుందే, అలాంటిదే. అది గాలిలో తేలే నూగునూ దుమ్మునూ పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది. తడి రంగు మీద వాలిన దుమ్ము ఆరాక మొటిమలా తేలుతుంది. నేను కరుచుకుని ఉంటే ఆ కరెంటు నాలోంచి జారి నేలలో కలిసిపోతుంది. కంటికి కనబడదు కాబట్టి మనుషులు దీన్ని నమ్మరు. కంటికి కనబడని దిష్టిని మాత్రం గుమ్మానికి నిమ్మకాయలు కట్టి మరీ నమ్ముతారు.

నన్ను కొన్నవాడు గుర్నాధం. గుంటూరు శివార్లలో అతని షెడ్డు. అందులో రంగు కొట్టేవాడు మౌలాలి. ఇద్దరూ కుర్రతనంలో ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నారు. గుర్నాధానికి మామగారి స్థలం కలిసొచ్చి యజమాని అయ్యాడు. మౌలాలికి చెయ్యి తప్ప ఏదీ కలిసిరాలేదు. అయితే రంగు చిమ్మే గన్ను పట్టేముందు నన్ను కారుకు తగిలించడం అతనెప్పుడూ మరిచిపోలేదు. గుర్నాధం దసరాకి నాకు కుంకుమ బొట్టు పెట్టేవాడు. నా గురించి అతనికి తెలిసిందల్లా అంతే.

ఒక ఏడాది గుర్నాధానికి షెడ్డు షోరూంలా మెరవాలన్న యావ పుట్టింది. గోడలకు ప్లాస్టిక్ షీట్లు కొట్టించాడు. మౌలాలికి షెడ్డు పేరు అచ్చేసిన నైలాన్ చొక్కా కుట్టించాడు. రెండూ రాపిడికి కరెంటు పుట్టించే సరుకే, దుమ్ముకి శుభలేఖ పంచినట్టే. ఆపైన నేలంతా టైల్స్. మౌలాలి ఆ రోజు పనికి రాలేదు. టైల్స్ మేస్త్రి నా కాలి కొస చూసి, "ఇది అడ్డమొస్తోందండీ, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్న గుర్నాధం కోసెయ్యమని చేత్తో సైగ చేశాడు. మేస్త్రి కోసి, తెగిన కొసను తలుపు చెక్కకున్న మేకుకి చుట్టి, కింద గుంతను మూసేశాడు.

మర్నాడు మౌలాలి ఎప్పటిలాగే నన్ను కారుకు తగిలించాడు. కరుచుకున్నాను. మేకు దాకా పోయే తీగ చెయ్యగలిగింది అదొక్కటే.

రంగు ఆరేసరికి మొటిమల్లా చుక్కలు. గీకి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ చుక్కలు. "మౌలాలీ, నీకు చూపు తగ్గింది. దుమ్ము తుడిచావో లేదో నీకే కనబడట్లేదు," అన్నాడు గుర్నాధం. మౌలాలి కళ్ళద్దాలు కొనుక్కున్నాడు. ఎవరూ లేనప్పుడు గోడ క్యాలెండరుకి దగ్గరగా జరిగి, దూరంగా జరిగి, తిథులూ వారాలూ చదువుకునేవాడు. తప్పు నేలలో ఉంటే మనిషి తన కళ్ళలో వెతుక్కున్నాడు. నాకు నోరుంటే ఆ పూటే చెప్పేదాన్ని. నోరున్నవాళ్ళు ఏం చేశారో వినండి.

ఒక డాక్టరుగారి ముదురు నీలం కారు మీద కూడా చుక్కలు తేలాయి. గుర్నాధం ఆయన ముందు చేతులు జోడించి, "కళ్ళు పోయినవాడి చేత రంగేయించానండీ, క్షమించండి," అన్నాడు. మౌలాలి విన్నాడు. గన్ను కడిగి తగిలించాడు. నైలాన్ చొక్కా విప్పి, మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

కొత్త పెయింటరొచ్చినా చుక్కలు పోలేదు. ఎండాకాలం ఒక మధ్యాహ్నం గుర్నాధం కారు తలుపు పట్టుకోబోతే చురుక్కుమని కరెంటు కొట్టింది. వెనక్కి గెంతాడు. నన్ను చూశాడు. నా వెంట చెయ్యి జరుపుకుంటూ పోయి మేకు దగ్గర ఆగాడు. అతని మొహంలో సిగ్గు కనబడింది. చూస్తుండగానే దాచుకున్నాడు. మర్నాడు టైల్ పగలగొట్టించి నన్ను మళ్ళీ నేలకు కలిపించాడు. అడిగినవాళ్ళకు వాస్తు సిద్ధాంతి చెప్పాడన్నాడు. చుక్కలు మాయమయ్యాయి. సిద్ధాంతికి మంచి పేరొచ్చింది.

గుర్నాధం భార్య అనసూయ రోజూ షెడ్డు ఊడ్చేది. వానలు పడుతున్న రోజుల్లో ఒక ఉదయం, చీపురు పక్కన పెట్టి అడిగింది.

"ఆ మేకుకి చుట్టిన తీగ నేనూ చూశాను. అది అలాగే ఉండాలేమో అనుకున్నాను. మౌలాలి అన్నయ్యకి చెప్పారా?"

"ఇప్పుడు చెబితే తప్పు నాదని నలుగురికీ తెలుస్తుంది."

"ఆయన గుడ్డివాణ్ణయిపోతున్నానని గన్ను ముట్టుకోవడం మానేశాడు. మార్కెట్లో కొత్తిమీర కట్టలు కట్టుకుంటున్నాడు."

ఆమె చెప్పులేసుకుని బయటికి నడిచింది. మధ్యాహ్నానికి మౌలాలిని వెంటబెట్టుకుని వచ్చింది.

అప్పుడు నేను ఆరిన తెల్లకారుని కరుచుకుని ఉన్నాను. మౌలాలి పగిలిన టైల్ని చూశాడు. మేకునీ చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"నిన్ననే," అన్నాడు గుర్నాధం.

"వేసవిలో తెలిసింది అన్నయ్యా," అంది అనసూయ.

మౌలాలి తల పంకించాడు.

"అదంతా మనసులో పెట్టుకోకు. రేపట్నుంచి పనిలోకి వచ్చెయ్," అన్నాడు గుర్నాధం.

మౌలాలి కారు పక్కన గొంతుక్కూర్చుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, వెలుతురుకి ఏటవాలుగా రంగు వెంట చూశాడు.

"వెనక తలుపు పిడి కింద నూగుంది. తీసెయ్," అన్నాడు. లేచి బయటికి నడిచాడు.

అనసూయ పిడి కింద బొటనవేలు పెట్టి రాసింది. "ఉంది," అంది.

గుర్నాధం మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలైటు అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చూశాడు. అతనికి మాత్రం కనబడలేదు.