బొట్టున్న డబ్బా

2005 అక్టోబరు 13, గురువారం. పదకొండు దాటాక ఫలక్‌నుమాలోని ఒక గేమ్ పార్లర్‌లో మూడో నంబరు కంప్యూటరు డిస్కులో ఉన్నదంతా తుడిచేశారు. ఆ సమయానికి వైకుంఠం పురానాపూల్ దగ్గర కుట్టుమిషన్ల సామాన్లు అమ్మే దుకాణంలో స్ప్రింగులు ఏరుకుంటున్నాడు.

పొద్దున అతను పార్లర్ షట్టర్ ఎత్తినప్పుడు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఎప్పటిలాగే చీపురు పట్టాడు. గుడ్డ తడిపి ఎనిమిది తెరలూ తుడిచాడు. కీబోర్డులను ఒక్కొక్కటే బోర్లించి వీపు మీద తట్టాడు. రంజాన్ నెల కావడంతో బిస్కెట్ పొడితో పాటు ఖర్జూరపు గింజ కూడా ఒకటి రాలింది. కంప్యూటర్ డబ్బాల మీద నిన్నటి దసరా పూజ కుంకుమ బొట్లు ఉన్నాయి. వాటిని తుడవకుండా చుట్టూ తుడిచాడు.

చివరికి మూడో నంబరు బల్ల కింద మోకాళ్ల మీద కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. కూర్చోవడానికి బల్ల అంచు పట్టుకోవాలి, లేవడానికీ పట్టుకోవాలి. కళ్లజోడు కాడ విరిగితే రాగితీగ చుట్టాడు. కుడిచేతి రెండు వేళ్ల మీద టంకం కాల్చిన మచ్చలున్నాయి. బల్ల కింద ఒక చెక్కముక్క, దాని మీద కుట్టుమిషన్ మోటారుకు వాడే కాలి పెడల్. చెక్కను నేలకు మరలతో బిగించింది అతనే. పెడల్‌ను అరచేత్తో నొక్కి వదిలాడు. అది నెమ్మదిగా లేచింది, సగంలో ఆగింది. స్ప్రింగును ఇప్పటికే రెండుసార్లు సాగదీసి వాడాడు. ఇక సాగదు. షట్టర్ సగం దించి, తాళం పక్క జిరాక్స్ షాపులో ఇచ్చి, పురానాపూల్ బస్సెక్కాడు.

ఆ పెడల్ ఇశ్రాయేలుది.

వైకుంఠం తండ్రి జహనుమాలో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. వైకుంఠమూ అదే నేర్చుకున్నాడు. రెడీమేడ్ బట్టలు వచ్చాక వీధిలో దర్జీలు తగ్గారు, మిషన్లు తగ్గాయి. 1990లో, ఇప్పటి పార్లర్ యజమాని ప్రహ్లాద్ తండ్రి పురానాపూల్‌లో వీడియోగేమ్ దుకాణం పెట్టి, విరిగిన స్టిక్కులూ బటన్లూ బాగుచేసే మనిషి కావాలంటే ఇతను వెళ్లాడు. అవి బిళ్ల వేస్తే నడిచే నిలువు మిషన్లు. ఎడమ చేతికి స్టిక్కు, కుడి చేతికి బటన్లు. ఎదుటి విమానాలను కూల్చే ఆట ఒకటి ఉండేది. పిల్లలు దాన్ని విమానం ఆట అనేవారు.

ఇశ్రాయేలు ఫలక్‌నుమాలో రేకుల ప్రెస్సు మీద పనిచేసేవాడు. ప్రెస్సు కింద కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. యజమాని అతన్ని ఆ కార్ఖానా గేటు దగ్గరే కాపలాకు పెట్టాడు. ఒక సాయంత్రం అతను పురానాపూల్ దుకాణానికి వచ్చి విమానం ఆట ముందు నిలబడ్డాడు. ఎడమ చేత్తో స్టిక్కు తిప్పుతూ, కుడి మోచేతితో బటను నొక్కబోయాడు. విమానం కూలింది. మర్నాడూ వచ్చాడు, మళ్లీ కూలింది. వైకుంఠం కొన్నాళ్లు చూశాడు. తర్వాత ఇంట్లో తుక్కులో పడి ఉన్న పెడల్ తెచ్చి, బటను నుంచి దానికి రెండు వైర్లు లాగాడు. చేత్తో తిప్పడం, కాలితో పేల్చడం. ఆ వారమే ఇశ్రాయేలు రెండో ఘట్టం దాటాడు. ఇద్దరికీ దోస్తీ అక్కడ మొదలైంది.

ఆ మిషన్లు తుక్కుకు పోయాక ప్రహ్లాద్ ఫలక్‌నుమా రోడ్డు మీద కంప్యూటర్లు పెట్టాడు. అప్పటి కంప్యూటర్ల వెనక స్టిక్కు తగిలించే చోటు ఉండేది, పదిహేను సూదులది. ఏ రెండు సూదులు కలిపితే గుండు పేలుతుందో వైకుంఠం ఒక మెకానిక్‌ను అడిగి తెలుసుకున్నాడు. పాత స్టిక్కును, పాత పెడల్‌ను ఆ సూదులకు అతికించాడు. విమానం ఆట ఎవరో ఫ్లాపీల మీద తెచ్చి మూడో నంబరులో వేశారు. కంప్యూటర్ గురించి అతనికి తెలిసింది అంతే. లోపల నడిచే సిస్టంను అందరిలాగే అతనూ తొంభై ఎనిమిది అనేవాడు.

పొద్దుగూకాక మగ్రిబ్ నమాజుకు పిల్లలు లేచిపోయే వేళకు ఇశ్రాయేలు వచ్చేవాడు. రంజాన్‌లో ఇఫ్తార్ వల్ల ఆ ఖాళీ ఇంకాసేపు ఉండేది. పిల్లలు తిరిగొచ్చేదాకా మూడో నంబరు అతనిది.

2005లో కొత్త తుపాకుల ఆట వచ్చింది. నలుగురు ఇటు, నలుగురు అటు. అది తొంభై ఎనిమిది మీద నడవదని ఆట సీడీ అట్ట మీదే రాసి ఉంది. పిల్లలు ఇంజన్ బౌలీ వైపు ఇంకో పార్లర్‌కు పోవడం మొదలుపెట్టారు. దసరా అయ్యాక అన్నిటిలో కొత్త సిస్టం వేయిస్తానని ప్రహ్లాద్ అన్నాడు.

"ఒక్కటి పాతదే ఉండనీ సేటూ. ఇశ్రాయేలు ఆడేది."

"ఉంచుకో కాకా. విశాల్‌కు నువ్వే చెప్పుకో."

విశాల్ కంప్యూటర్ మెకానిక్. అతను డబ్బాలను వైరు వచ్చే వైపు నుంచి లెక్కపెడతాడు, వైకుంఠం షట్టర్ వైపు నుంచి. పోయినసారి ఆ లెక్క తేడాతోనే వేరే డబ్బా విప్పాడు. అందుకని వైకుంఠం సోమవారం మూడో నంబరు మీద కుంకుమ బొట్టు పెట్టి, ఫోన్ చేశాడు: "బొట్టున్న డబ్బా ముట్టకు బేటా."

బుధవారం దసరా. ప్రహ్లాద్ తల్లి నాగమణమ్మ ఏటా లాగే పూజకు వచ్చింది. ఎనిమిది డబ్బాలకూ పసుపు పూసి బొట్లు పెట్టింది. పక్కనే నిలబడి కుంకుమ పళ్లెం పట్టుకున్నది వైకుంఠం.

స్ప్రింగుతో తిరిగి వచ్చేసరికి పార్లర్ తెరిచి ఉంది. విశాల్ జిరాక్స్ షాపులో తాళం తీసుకున్నాడు. ఎనిమిది తెరల మీదా ఒకే బొమ్మ ఉంది. పచ్చటి గుట్ట, పైన నీలం ఆకాశం. వైకుంఠం మూడో నంబరు ముందు ఆగాడు.

"గిదేంది బేటా? దీన్ని ముట్టద్దన్న గద."

"బొట్టున్నది ముట్టద్దన్నవ్ కాకా. అన్నిటికి బొట్టే ఉండె. ఫ్యాను రెగ్యులేటర్‌కు గూడ ఉంది. పూజ అయ్యేదాంక ఆగమన్నవేమో అనుకున్న. సేటుకు ఫోన్ కొడితే లేపలే."

వైకుంఠం రెగ్యులేటర్ వైపు చూశాడు. దాని మీదా బొట్టు ఉంది.

"పళ్లెం పట్టింది నేనే," అన్నాడు.

విశాల్ తప్పించుకుపోలేదు. స్టిక్కు తగిలించి చూశాడు. తెర మీద పసుపు హెచ్చరిక గుర్తు వచ్చింది. నెట్‌లో చాలాసేపు వెతికాడు.

"ఈ స్టిక్కు తగిలే కార్డు చేసినోళ్లు కొత్త సిస్టంకు సాఫ్ట్‌వేర్ రాయలే కాకా. పాతదానికే ఉంది. ఇగ రాసేది లేదని వాళ్ల సైట్ల పెట్టిండ్రు."

"రాస్తే ఏం పోయె వాళ్లకు?"

"గిసొంటి స్టిక్కులు ఇప్పుడెవ్వడు వాడుతుండు కాకా?"

విశాల్ బ్యాగులోంచి కొత్త రకం స్టిక్కు తీశాడు. వైకుంఠం దాని మరలు విప్పి లోపల చూశాడు. ఒక పచ్చ బిళ్ల, దాని మీద నల్లటి చుక్క. టంకం పెట్టడానికి వైరు కనపడలేదు. మరలు మళ్లీ బిగించి ఇచ్చేశాడు.

"మళ్ల తొంభై ఎనిమిది పెట్టరాదా?"

"పెట్టొచ్చు. ఆట ఉన్నదా నీ తాన?"

ఫ్లాపీలకు బూజు పట్టి రెండేళ్లయింది. ఆట మూడో నంబరులోనే ఉండేది.

రెండింటికి ప్రహ్లాద్ వచ్చాడు. అప్పటికే పిల్లలు నలుగురు ఇటు, నలుగురు అటు కూర్చుని అరుస్తున్నారు. వైకుంఠం జరిగింది చెప్పాడు.

"అయ్యిందేదో అయ్యింది కాకా," అన్నాడు ప్రహ్లాద్. "ఏడే ఉంటే ఒకడు బయట నిలవడాలె. గీ లొల్లి చూస్తున్నవ్ గద. ఉండనీ."

పిల్లలు మధ్యలో నమాజుకు లేచినప్పుడు వైకుంఠం మూడో నంబరు బల్ల కిందికి దూరి, పెడల్‌కు కొత్త స్ప్రింగు వేశాడు. తెచ్చింది కాబట్టి వేశాడు. నొక్కి వదిలితే టక్కున లేచింది.

ఇఫ్తార్ సైరన్ మోగింది. కుర్చీలు అడ్డదిడ్డంగా వదిలేసి పిల్లలు వెళ్లిపోయారు. ఇశ్రాయేలు లోపలికి వచ్చాడు. కుడి చొక్కా చెయ్యి మడిచి పిన్ను పెట్టుకున్నాడు. మూడో నంబరు ముందు కూర్చుని గుట్ట బొమ్మను చూశాడు.

"ఏందన్నా, నా విమానాలన్ని మేతకు పోయినయా?"

వైకుంఠం చెప్పాడు. బొట్టు సంగతి కూడా చెప్పాడు. ఇశ్రాయేలు నవ్వాడు.

"ఏసయ్య పేరు మీద ఒక శిలువ గీసినా బతుకుతుండె గదన్నా."

"నవ్వకు తమ్మీ. నేను ఆగం జేసిన."

"నువ్వేడ జేసినవ్. చెయ్యి పోయిననాడు నన్నెవడన్న అడిగిండా? ఇది గూడ గంతే." అతను లేవబోయాడు. "ఫికర్ చెయ్యకు. ఛాయ్ తాగుదాం పా."

"కూసో."

విశాల్ వేసిన ఆటల్లో విమానాలది ఒకటి ఉంది. వైకుంఠం దాన్ని వెతికి తెరిచాడు. దిక్కులు మార్చే నాలుగు మీటలు కీబోర్డుకు ఒక పక్కన ఉన్నాయి, పేల్చే పొడుగు మీట ఇంకోచోట. ఇశ్రాయేలు ఎడమ చెయ్యి నాలుగు మీటల మీద పెట్టాడు. విమానం లేచింది. ఎదురుగా ఇంకోటి వచ్చింది. అలవాటు కొద్దీ అతని కాలు పెడల్ నొక్కింది. టక్‌మంది. ఏమీ పేలలేదు. విమానం కూలింది.

వైకుంఠం పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పొడుగు మీట మీద వేలు పెట్టాడు.

"మళ్ల ఆడు. నువ్వు తొక్కు, నేను కొడత."

పదిహేనేళ్లుగా అతను స్టిక్కులు బాగుచేసి, బాగయ్యాయో లేదో తిప్పి చూసి లేచిపోయేవాడు. ఆట ఆడింది లేదు. ఇశ్రాయేలు కాలు టక్‌మంది. వైకుంఠం మీట కొట్టాడు. గుండు పేలేలోపే విమానం కూలింది.

"నేను సచ్చినంక పేల్చినవ్ గదన్నా. దినాల నాడు దవాఖానకు తోల్కపోయినట్టుంది."

"టక్‌మన్నంకనే గదరా కొట్టాలె."

"తెర చూడకు. నా కాలు ఇను."

వైకుంఠం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తల వంచి విన్నాడు. టక్. కొట్టాడు. టక్, టక్. కొట్టాడు. ఒక విమానం కూలింది.

"ఎవనిది?" అన్నాడు తల ఎత్తకుండా.

"వానిదే."

పిల్లలు తిరిగొచ్చే సమయానికి వాళ్లు మొదటి ఘట్టం చివరిలో ఉన్నారు. ఒక పిల్లాడు వెనక నిలబడ్డాడు. "చాచా, మా టైమ్," అన్నాడు. ఇశ్రాయేలు లేచి కుర్చీ ఇచ్చాడు.

"రేపు జెర జల్ది కొట్టు," అన్నాడు వైకుంఠంతో.

మర్నాడు వచ్చాడు. ఆ తర్వాత కూడా మగ్రిబ్ వేళకు వస్తూ ఉన్నాడు. రంజాన్ పండుగ దాటింది, చలికాలం వచ్చింది. ఇద్దరూ మూడో ఘట్టం దాకా వెళ్లారు.

2006 ఫిబ్రవరిలో ఒక ఆదివారం జహనుమాలో తన ఇంట్లో వైకుంఠం పోయాడు. గుండె ఆగిందన్నారు.

దినాలు అయ్యాక ఇశ్రాయేలు పార్లర్‌కు వచ్చాడు. మగ్రిబ్ వేళ, లోపల పిల్లలెవరూ లేరు. ప్రహ్లాద్ కౌంటర్‌లో ఉన్నాడు. ఇశ్రాయేలు మూడో నంబరు ముందు కూర్చుని విమానాల ఆట తెరిచాడు. ఎడమ చెయ్యి మీటల మీద పెట్టాడు. ప్రహ్లాద్‌కు టక్‌మన్న చప్పుడు ఒక్కసారి వినిపించింది. తర్వాత విమానం కూలిన చప్పుడు. ఇశ్రాయేలు లేచి, కుర్చీ బల్ల కిందికి జరిపి, ప్రహ్లాద్‌కు చెయ్యి ఎత్తి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పార్లర్ 2008లో మూతపడింది. డబ్బాలు, బల్లలు, కుర్చీలు ఒకాయన కొనుక్కుపోయాడు. చెక్కను నేలకు బిగించిన మరలు తుప్పు పట్టి తిరగకపోవడంతో పెడల్‌ను వదిలేశారు. షట్టర్ వైపు నుంచి మూడో బల్ల ఉండిన చోట అది ఉంది. నొక్కి వదిలితే టక్కున లేస్తోంది.