ఇద్దరు బావమరుదులు

దర్జీకి పెళ్ళి కాలేదు గానీ బావమరిది మాత్రం ఉన్నాడు. కొట్లో గుడ్డలు కత్తిరించే మరమనిషిని ఆయన అలాగే పిలిచేవాడు. వాడూ "బావా" అనేవాడు. అక్కను చూపించకుండానే తమ్ముడొచ్చి తిష్ఠ వేశాడేమిటని ఎదురుగా ఉన్న సైకిళ్ళ షాపాయన ఏడిపించేవాడు. దర్జీ నవ్వి ఊరుకునేవాడు. పొద్దంతా మాట్లాడుకోవడానికి ఆయనకింకెవరున్నారు గనుక.

ఒకనాడు ఇద్దరికీ చెడింది. కుట్టు పక్కన లోపల కాస్త గుడ్డ వదిలిపెట్టడం దర్జీ పద్ధతి. తొడుక్కునే మనిషి ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేయవచ్చు. బావమరిది అది దండగనుకుని, ఓ పెద్దాయన కోటుకు ఆ గుడ్డంతా శుభ్రంగా కత్తిరించేశాడు. దర్జీకి ఒళ్ళు మండింది.

"నువ్వు లావెక్కవు, చిక్కిపోవు. మనుషుల సంగతి నీకేం తెలుసురా?" అనేశాడు.

అంతే, బావమరిది మూతి ముడుచుకున్నాడు. మూతంటూ సరిగ్గా లేకపోయినా ముడుచుకున్నట్టే ఉంది. ఆ అలకలో ఉండగానే వాడి చెయ్యి పడిపోయింది, మర్నాటికి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. బాగుచేసేవాళ్ళు వచ్చి బండిలో వేసుకుపోయారు.

తిరిగి తెచ్చేసరికి ఇద్దరున్నారు. పాతది బతకదేమోనని దాని జ్ఞాపకాలన్నీ కొత్తదాంట్లో పోశామనీ, తీరా పాతది కూడా లేచి కూర్చుందనీ, రెండింటికీ కొత్త తొడుగే వేశామనీ, ఇప్పుడు ఏది పాతదో తమకూ తెలియదనీ మెకానిక్ చెప్పుకొచ్చాడు. ఏదైనా ఒకటేనట. ఒకదాన్ని ఉంచుకుంటే రెండోదాని బుర్ర తుడిచేస్తారట.

దర్జీకి దిమ్మ తిరిగిపోయింది. పొరపాటున తనవాణ్ణే పంపేస్తే? కోటు సంగతి ఎత్తి చూశాడు. ఇద్దరూ గోడవైపు తిరిగారు. తను తిట్టింది ఒకణ్ణి, అలిగింది ఇద్దరు. ఇదెక్కడి లెక్కో అంతుపట్టలేదు.

ఏం తోచక ఇద్దరి మధ్యా పీట వేసుకుని కూర్చుని, ఆ రోజు నోరు జారాననీ, మనసులో పెట్టుకోవద్దనీ బతిమాలాడు.

ఎడమవైపువాడు ఇటు తిరిగాడు. "పోనీలే బావా," అన్నాడు. కుడివైపువాడు తిరగలేదు.

దర్జీకి ప్రాణం లేచొచ్చింది, వెంటనే మళ్ళీ నీరుగారిపోయింది. తనవాడు ఇంత తేలిగ్గా దిగొచ్చే రకమా? అయితే ఆ అలిగినవాడేనా?

"మీలో ఎవడ్రా ఇన్నాళ్ళూ నా దగ్గరున్నవాడు?"

"నేనేననిపిస్తోంది బావా. వాడికీ అలాగే అనిపిస్తుంటుంది," అన్నాడు ఎడమవైపువాడు.

మెకానిక్ బండి తలుపు తీసి తొందరపెట్టాడు. ఎడమవైపువాడు లేచి తనంతట తానే నడిచాడు. దర్జీ వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వాడింకా అలిగే ఉన్నాడు బావా. అలిగినవాణ్ణి అలా పంపించెయ్యకూడదు," అని మెల్లగా చెయ్యి విడిపించుకుని బండెక్కాడు.

బండి మలుపు తిరిగేదాకా దర్జీ గుమ్మంలోనే నిలబడ్డాడు. పోయినవాడు పరాయివాడైతే గుండె ఎందుకిలా బరువెక్కిందో తెలియలేదు. తనవాడే పోయాడనుకుంటే, లోపల గోడవైపు తిరిగి కూర్చున్నది ఎవరో అసలే తెలియలేదు. లోపలికొచ్చి పీట వాడి దగ్గరికి జరుపుకుని, ఎవరిని బతిమాలుతున్నాడో తెలియకుండానే మళ్ళీ మొదలుపెట్టాడు.