నూరా కోసం నేర్చిన కేకు ఉండలు

కువైట్ నుంచి తిరిగొచ్చాక జీవమ్మకు రాజంపేటలో అది మొదటి క్రిస్మస్. భర్త పోయిన ఏడాదికే ఆరేళ్ల కూతురు ఆరాధనను అత్త రాహేలమ్మ చేతిలో పెట్టి, కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్లింది. వచ్చి చూసేసరికి ఆరాధన తొమ్మిదో తరగతిలో ఉంది. జడ తనే వేసుకుంటుంది. ఏం కావాలన్నా అవ్వనే అడుగుతుంది. తల్లి ఎదురొస్తే, ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు పక్కకు జరిగి దారి ఇస్తుంది.

పండుగ ముందురోజు జీవమ్మ పొద్దున్నే వంటింట్లో చేరింది. కుక్కర్లో ఇసుక పోసి వండిన కేకు రాత్రంతా ఆరి ఉంది. దాన్ని పొడిపొడిగా చిదిమి, వెన్నా చక్కెరా గిలకొట్టిన క్రీము కొద్దికొద్దిగా కలిపి, నిమ్మకాయంత ఉండలు చేసింది.

"లడ్లు చేస్తే సరిపోదా మే? చర్చి పిల్లోళ్లు వద్దంటారా?" అంది రాహేలమ్మ గడప మీద కూర్చుని.

"ఇవి ఒకసారి తిని చూడు అత్తా. మళ్లా లడ్డు అడగవు."

కరెంటు ఎప్పుడు పోతుందోనన్న తొందరలో ఉండల్ని ఫ్రిజ్ పైఅరలో, ఐసు గడ్డకట్టే చోట పెట్టింది. అవి రాళ్లలా బిగుసుకున్నాయి. అలాగే కొన్ని తీసి వేడివేడి చాక్లెట్లో ముంచింది. పళ్లెంలో పెట్టిన కాసేపటికే పూత టప్పున చిట్లింది. ఒకదాని వెంట ఒకటి, అన్నీ పగిలాయి.

రాహేలమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "మన చేను మాదిరి నెర్రెలిచ్చినాయి కదే," అని నవ్వి, నోట్లో వేసుకుంది. "రుచి మాత్రం శానా బాగుండాది."

జీవమ్మ నవ్వలేకపోయింది. కువైట్ ఇంట్లో ఎన్నడూ పగల్లేదు. పెద్ద వంటిల్లు, చల్లటి గాలి, స్టూలు మీద నిలబడి గిన్నెలోకి తొంగిచూసే నూరా. జీవమ్మ ఆ ఇంటికి వెళ్లేటప్పటికి నూరా నెలల బిడ్డ. జీవమ్మ వేలు పట్టుకునే నడక నేర్చింది. నునుపుగా ఉన్న ఉండ అయితేనే తినేది. కొంచెం సొట్ట పడినా దాన్ని తెచ్చి జీవమ్మ నోట్లో కుక్కేది. చేతికంటిన చాక్లెట్‌ను జీవమ్మ చెంపకు పూసి పరుగెత్తేది. ఆ పూత ఆరిన చెంప బిగుతు ఇప్పటికీ తెలుస్తున్నట్టే ఉంటుంది.

మిగిలిన ఉండల్ని బయటపెట్టి, వాటి చలి తగ్గేదాకా ఆగింది. మరుగుతున్న నీళ్ల మీద గిన్నె పెట్టి చాక్లెట్ మళ్లీ కరిగించింది. ఒక్క నీటిబొట్టు పడినా గడ్డలు కడుతుందని గుడ్డతో గిన్నె అడుగు తుడుస్తూ, వెనక అడుగుల చప్పుడు విని, తల ఎత్తకుండానే చెయ్యి చాపింది.

"నూరా, ఆ ఫోర్క్ ఇటియ్యి."

ఫోర్క్ చేతిలోకి వచ్చింది. అప్పుడు గానీ జీవమ్మకు తన నోట్లోంచి ఏం వచ్చిందో తెలియలేదు. నీళ్ల కోసం వచ్చిన ఆరాధన చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

"నూరా ఎవరు?"

"ఆడ నేను పెంచిన పాప."

"ఇప్పుడు ఎవరు చూసుకుంటాండారు?"

"ఇంకొకామెను పెట్టుకున్నారు."

"నువ్వు వచ్చేటప్పుడు ఏడ్చిందా?"

జీవమ్మ గిన్నెలోకి చూస్తూ చెప్పింది. "నేను చూడలా. బడికి పోయినప్పుడే బయల్దేరమన్నారు. ఫోన్ చేసినా పాపకు ఇయ్యలేదు. మరిచిపోనీ అన్నారు."

ఆరాధన చెంబు కింద పెట్టింది. "నేను కూడా బడి నుంచి వచ్చి చూస్తే నువ్వు లేవు," అంది. కోపంగా కాదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. "మరిచిపోదులే ఆ పాప. కొన్నాళ్లు వాకిలి తట్టు చూస్తా ఉంటాది. ఆ తర్వాత చూడదు."

జీవమ్మ కూతుర్ని పట్టుకుందామని చేతులు చాపబోయి, వాటినిండా చాక్లెట్ ఉండటం చూసి ఆగిపోయింది. ఎవరి కోసం ఏడుపు వస్తోందో ఆమెకే తెలియలేదు. కువైట్‌లో ఉన్నన్నాళ్లూ నూరాకు అన్నం తినిపిస్తూ ఆరాధన తిన్నదో లేదో అనుకుంది. ఇక్కడ ఆరాధన ఎదురుగా ఉంటే నూరా గుర్తొస్తోంది.

"గట్టిపడతాండాది చూడు," అంది ఆరాధన గిన్నె చూపిస్తూ. "ఎట్ల ముంచాల?"

జీవమ్మ మోచేత్తో కళ్లు తుడుచుకుంది. ఉండను ఫోర్క్ మీద ఎట్లా నిలపాలో, ముంచి తీశాక గిన్నె అంచుకు ఎట్లా మెల్లగా తట్టాలో చూపించింది. "ఎక్కువైంది కారిపోవాల. ఆ చివరి తీగ తెగిందాకా ఆగు. తొందరపడితే కింద గడ్డ కడతాది. ఇప్పుడు పుల్లతో కాగితం మీదికి జార్చు."

ఆరాధన మొదటిది గిన్నెలోనే జారిపోయింది. రెండోది నున్నగా, మెరుస్తూ కాగితం మీద కూర్చుంది. ఇద్దరూ దానివైపే చూస్తూ కొంతసేపు ఉండిపోయారు. పగిలినవాటికి కూడా మరో పూత వేశారు. కరెంటు పోలేదు.

పండుగనాడు ఆరాధన వాటిని చర్చిలో పంచింది. పిల్లలు మూగి పళ్లెం ఖాళీ చేశారు. రాహేలమ్మ పాస్టరమ్మతో మాట్లాడుతూ వెనకబడింది. తల్లీకూతుళ్లు రోడ్డు వారన ఇంటికి నడుస్తున్నారు.

"ఆ పాప ఎంతుంటాది?" అని అడిగింది ఆరాధన.

జీవమ్మ అరచెయ్యి తన నడుము దాకా ఎత్తి చూపించింది.

"మరి ఆడ నేనెంత ఉంటి నీకు?"

జీవమ్మ అరచెయ్యి దానికంటే కొంచెం కిందికి దిగి ఆగింది. ఎనిమిదేళ్లూ ఆమె మనసులో ఆరాధన అంతే ఎత్తు ఉంది.

ఆరాధన ఆ చేతిని చూసింది. "అప్పుడు నాకు ఎర్ర గౌను ఉండె. జేబుల్ది."

జీవమ్మ ఎంత తలుచుకున్నా ఆ గౌను గుర్తుకు రాలేదు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నాకు గుర్తు రాలేదు పాపా. చెప్పు."

ఆరాధన ఆ గౌను అవ్వ ఎక్కడ కుట్టించిందో, దాని జేబులో తను ఏమేం దాచుకునేదో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క మాట కూడా పోకుండా వినాలని జీవమ్మ కూతురి పక్కకు ఇంకొంచెం జరిగి నడిచింది.